చిప్ కంపెనీ మారింది, యూ-బూట్ గుర్తుపట్టడం లేదు

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. రొయ్యల చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి, తగ్గితే రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న పరికరం తయారు చేస్తున్నాం. ఆల్‌విన్నర్ హెచ్3 ప్రాసెసర్, 16 ఎంబీ ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ (కరెంటు పోయినా డేటా ఉండే చిప్), యూ-బూట్ (బోర్డు ఆన్ కాగానే నడిచి లినక్స్ కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్) 2021.04 వెర్షన్. మొదటి లాట్ బోర్డులన్నీ చక్కగా నడుస్తున్నాయి. ఈసారి బోర్డులు అసెంబుల్ చేసినవాళ్లు విన్‌బాండ్ చిప్ దొరకలేదని, దానికి బదులు గిగాడివైస్ చిప్ వేసి పంపారు. ఇప్పుడు యూ-బూట్ ప్రాంప్ట్ దాకా వచ్చి ఆగిపోతోంది. ఫ్లాష్ చిప్‌ని గుర్తుపట్టమనే ‘ఎస్‌ఎఫ్ ప్రోబ్’ కమాండ్ కొడితే ‘అన్‌రికగ్నైజ్డ్ జెడెక్ ఐడీ బైట్స్: సీ8, 40, 18’ అంటోంది. చిప్ డూప్లికేటా? బోర్డులు వెనక్కి పంపెయ్యాలా? ఒక పాత వ్యాసంలో హెడర్ ఫైల్లో లైన్ రాయమన్నారు, ఇంకోచోట మెనూకాన్ఫిగ్ (బిల్డ్‌కి ముందు ఆప్షన్లు ఎంచుకునే మెనూ) అన్నారు. ఏది సరైనది? సీజన్ దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: బోర్డులు వెనక్కి పంపకండి. మీరు రాసిన ఆ మూడు బైట్లు చూస్తే చిప్‌లో లోపమున్నట్టు నాకు అనిపించడం లేదు. అది తన వివరాలు సరిగ్గానే చెబుతోంది. కొత్తగా వచ్చిన మనిషి పేరు సరిగ్గా చెప్పినా ఓటర్ల జాబితాలో ఆ పేరు లేకపోతే ఎలా ఉంటుందో, మీ యూ-బూట్ దగ్గర అదే జరుగుతోంది.

ఫ్లాష్ డ్రైవర్ మొదట చేసే పని చిప్‌కి 9ఎఫ్ అనే కమాండ్ పంపడం. బదులుగా చిప్ మూడు బైట్లు ఇస్తుంది. మొదటిది తయారీదారు: విన్‌బాండ్‌కి ఈఎఫ్, మాక్రోనిక్స్‌కి సీ2, గిగాడివైస్‌కి సీ8. రెండోది చిప్ రకం. మూడోది సామర్థ్యం. అక్కడ 18 ఉంటే అది హెక్స్ (పదహారుల లెక్క), మామూలు లెక్కలో 24. అంటే ఇరవై నాలుగు రెండ్లని ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేన్ని బైట్లు, సరిగ్గా 16 ఎంబీ. 17 ఉంటే 8 ఎంబీ, 19 ఉంటే 32 ఎంబీ. మీకు వచ్చింది సీ8 40 18. అంటే గిగాడివైస్ వాళ్ల 128 మెగాబిట్ చిప్, మీరు అడిగిన 16 ఎంబీయే. మీ పాత లాట్‌లో ఇదే చోట ఈఎఫ్ 40 18 వచ్చి ఉంటుంది.

ఏ ఫ్లాష్ సమస్యకైనా నేను మొదట అడిగేది ఈ మూడు బైట్లే. మూడూ ఎఫ్‌ఎఫ్ వస్తే చిప్ అసలు పలకడం లేదని అర్థం. అప్పుడు కాన్ఫిగ్ జోలికి పోకుండా మల్టీమీటర్ తియ్యాలి. ఎనిమిది కాళ్ల చిప్‌లో 8వ పిన్‌కి 3.3 వోల్టులు వస్తున్నాయా, 1వ పిన్ చిప్ సెలెక్ట్ కదులుతోందా, 3, 7 పిన్లు రెసిస్టర్‌తో పైకి లాగి ఉన్నాయా, ప్రాసెసర్ వైపు పిన్‌మక్స్ (ఏ పిన్ ఏ పనికో చెప్పే సెట్టింగ్) ఎస్‌పీఐకే ఉందా అని చూసుకోవాలి. అన్నీ సున్నాలైతే చాలాసార్లు డేటా లైన్ ఎక్కడో గ్రౌండ్‌కి తగులుతోందని అనుమానించాలి. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి వస్తుంటే స్పీడ్ తగ్గించి చూడాలి. ‘ఇన్‌వాలిడ్ బస్’ అని వస్తే చిప్ దాకా వెళ్లనేలేదు, ఎస్‌పీఐ కంట్రోలర్ డ్రైవరో, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ భాగాలున్నాయో చెప్పే ఫైల్లో) దాని నోడో లేదు. మీకు మాత్రం అర్థమయ్యే బైట్లు వచ్చాయి. కాబట్టి వైరింగ్, కంట్రోలర్, డివైస్ ట్రీ మూడూ బాగానే ఉన్నట్టు. మిగిలింది ఒక్క పట్టిక.

ఆ పట్టిక యూ-బూట్ సోర్స్‌లో డ్రైవర్స్, ఎంటీడీ, ఎస్‌పీఐ ఫోల్డర్లో ‘ఎస్‌పీఐ-నార్-ఐడీస్’ అనే ఫైల్లో ఉంటుంది. 2021.04 వెర్షన్‌లో మీ గిగాడివైస్ చిప్ వివరాలు అందులో ఉన్నాయి. కానీ ఒక్కో కంపెనీ భాగం ఒక్కో కాన్ఫిగ్ ఆప్షన్ చాటున ఉంటుంది. మీ డెఫ్‌కాన్ఫిగ్ (బోర్డుకి ఏ ఆప్షన్లు ఆన్‌లో ఉండాలో చెప్పే ఫైల్) రాసినవారు ఆ రోజు బోర్డు మీదున్న విన్‌బాండ్‌ని మాత్రమే ఆన్ చేసి ఉంటారు. మిగతా కంపెనీల వరుసలు కంపైల్ కానే లేదు.

మరి ఫ్లాష్‌నే గుర్తుపట్టనప్పుడు ప్రాంప్ట్ దాకా ఎలా వస్తోందని మీకు సందేహం రావాలి. హెచ్3లో ఉండే బూట్ రోమ్‌కి (ప్రాసెసర్ లోపలే ఉండి మొదట నడిచే ప్రోగ్రామ్‌కి) చిప్ కంపెనీతో పనిలేదు. 03 అనే మామూలు రీడ్ కమాండ్ పంపి సున్నా అడ్రస్ నుంచి చదువుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ఎస్‌పీఎల్‌లో (అసలు యూ-బూట్‌కి ముందు నడిచే చిన్న భాగంలో) ఆల్‌విన్నర్ కోసం రాసిన చిన్న లోడర్ కూడా ఐడీ అడగకుండా 32 కేబీ దగ్గర నుంచి అసలు యూ-బూట్‌ని అలాగే చదివేస్తుంది. అసలు యూ-బూట్ వచ్చాకే ఐడీ అడగడం, పట్టికలో వెతకడం మొదలవుతుంది. అక్కడ దొరక్కపోయేసరికి ఎన్విరాన్‌మెంట్ (యూ-బూట్ ఫ్లాష్‌లో దాచుకునే సెట్టింగులు) చదవలేక డీఫాల్ట్ వాడుతున్నానని వార్నింగ్ ఇస్తుంది, కెర్నల్‌ని లోడ్ చెయ్యలేదు. ఎస్‌పీఎల్ కూడా మామూలు ఫ్లాష్ డ్రైవర్నే వాడే ప్రాసెసర్లయితే ఇదే తప్పుకి ప్రాంప్ట్ కూడా రాదు. ఆ బోర్డు ‘చచ్చిపోయింది’ అని పక్కన పడేస్తారు. మంచి బోర్డుల మీద ఎర్ర స్టిక్కర్ అంటించి అట్టపెట్టెలో వేయడం నేను ఒక టెస్టింగ్ లైన్‌లో కళ్లారా చూశాను. సీరియల్ కేబుల్ పెట్టి ఒక్క లైను చదివినవాళ్లు లేరు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇక చెయ్యాల్సింది. మెనూకాన్ఫిగ్ తెరిచి డివైస్ డ్రైవర్స్‌లో ఎంటీడీ సపోర్ట్, అందులో ఎస్‌పీఐ ఫ్లాష్ సపోర్ట్‌లోకి వెళ్లండి. గిగాడివైస్ అని ఉన్న దగ్గర ఆన్ చెయ్యండి. అక్కడితో ఆగొద్దు, మాక్రోనిక్స్, ఎక్స్‌ఎంసీ, ఐఎస్‌ఎస్‌ఐ కూడా ఆన్ చెయ్యండి. అసలు యూ-బూట్‌లో ఈ వరుసలకి పట్టే చోటు బహు స్వల్పం. రేపు ఇంకో కంపెనీ చిప్ వచ్చినా మీ పని ఆగదు. ఎస్‌పీఎల్‌లో మాత్రం చోటు ఇరుకు, దాన్ని కదపకండి, మీ బోర్డులో దానికి ఈ అవసరమూ లేదు.

హెడర్ ఫైల్ మాట పాత పద్ధతి. 2014లో యూ-బూట్‌లోకి కేకాన్ఫిగ్ (మెనూకాన్ఫిగ్ వెనకున్న పద్ధతి) వచ్చింది, అప్పటి నుంచి ఆప్షన్లు ఒక్కొక్కటిగా అందులోకి మారాయి. ఫ్లాష్ కంపెనీల ఆప్షన్ల చోటు ఇప్పుడు డెఫ్‌కాన్ఫిగ్. మెనూకాన్ఫిగ్‌లో మార్చాక ‘మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్’ కొట్టి, వచ్చిన ఫైల్‌ని మీ బోర్డు డెఫ్‌కాన్ఫిగ్ మీదకి కాపీ చేసి గిట్‌లో కమిట్ చెయ్యండి. ఇది చెయ్యకపోతే మీ మార్పు మీ కంప్యూటర్‌లోని డాట్‌కాన్ఫిగ్ ఫైల్లోనే ఉండిపోతుంది. ఇంకొకరు శుభ్రంగా బిల్డ్ చేసిన రోజున మళ్లీ ఇదే సమస్య.

కొత్త యూ-బూట్‌ని నేరుగా ఫ్లాష్‌లో రాసేయకండి. హెచ్3 మొదట ఎస్‌డీ కార్డు చూస్తుంది కాబట్టి, ఆల్‌విన్నర్ బోర్డుల టూల్స్ అయిన సన్‌ఎక్స్‌ఐ-టూల్స్‌తో వచ్చే చిన్న ఎఫ్‌ఈఎల్ (యూఎస్‌బీ నుంచి ప్రోగ్రామ్ ఎక్కించుకునే మోడ్) ఇమేజ్‌ని ఒక కార్డులో రాసి పెడితే బోర్డు యూఎస్‌బీ మీద ఎఫ్‌ఈఎల్ మోడ్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి ‘సన్‌ఎక్స్‌ఐ-ఎఫ్‌ఈఎల్ యూబూట్’ కమాండ్‌తో కొత్త యూ-బూట్‌ని ర్యామ్‌లోకి ఎక్కించి నడిపించొచ్చు, ఫ్లాష్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఎస్‌ఎఫ్ ప్రోబ్ కొట్టండి. చిప్ పేరు, పేజీ 256 బైట్లు, మొత్తం 16 ఎంఐబీ అని ఒక లైను వస్తే గెలిచినట్టే. ఆ తర్వాత ఏమీ లేని చోట కొంచెం ఎరేజ్ చేసి, రాసి, చదివి పోల్చండి. ‘ఎస్‌ఎఫ్ టెస్ట్’ ఆన్ చేసుకుంటే ఆ పని అదే చేస్తుంది, కానీ ఆ చోట ఉన్నది చెరిపేస్తుందని గుర్తుంచుకోండి. ఎరేజ్ ‘ఓకే’ అని చెప్పినా పాత డేటా అలాగే ఉంటే చిప్ స్టేటస్ రిజిస్టర్‌లో ప్రొటెక్షన్ బిట్లు సెట్ అయి ఉండొచ్చు. ‘ఎస్‌ఎఫ్ ప్రొటెక్ట్ అన్‌లాక్’ వాడి మళ్లీ చూడండి. అంతా కుదిరాకే ‘స్పైఫ్లాష్-రైట్’ తో సున్నా అడ్రస్ నుంచి రాయండి.

లినక్స్ కెర్నల్ వైపు మీకు ఇబ్బంది ఉండకూడదు, అందులో అన్ని కంపెనీల పట్టికలూ కలిపే కంపైల్ అవుతాయి. డివైస్ ట్రీలో ఫ్లాష్ నోడ్‌కి విన్‌బాండ్ పేరు ఒక్కటే రాసి వదిలేశారేమో మాత్రం చూసుకోండి. ‘జెడెక్, ఎస్‌పీఐ-నార్’ అనే పేరు ఉండాలి.

అసెంబ్లీ వాళ్లతో కూడా మాట్లాడండి. చిప్ మార్చడం తప్పని నేను అనను, 2020 తర్వాత చిప్‌లు దొరకని రోజుల్లో అందరూ మార్చారు. మార్చేముందు పార్ట్ నంబర్ మీకు రాసి పంపడం మాత్రం తప్పనిసరి చెయ్యండి. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ మెసేజ్ రాకపోతే నష్టపోయేది రైతు.

ప్రశ్న: నా బోర్డులో యూ-బూట్ వెంటనే వస్తుంది కానీ 4 ఎంబీ కెర్నల్‌ని ఎస్‌పీఐ ఫ్లాష్ నుంచి చదవడానికి అర నిమిషం పైనే పడుతోంది. చిప్ డేటాషీట్‌లో 133 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంది. చిప్ మార్చాలా?
— ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు చెప్పిన సమయంలోనే జవాబు ఉంది. 4 ఎంబీ అంటే సుమారు 3 కోట్ల 35 లక్షల బిట్లు. ఒక లైను మీద సెకనుకి పది లక్షల బిట్లు వెళితే 33 సెకన్లకు పైగా పడుతుంది. అంటే మీ ఫ్లాష్ 1 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తోంది. యూ-బూట్‌లో ‘ఎస్‌ఎఫ్ డీఫాల్ట్ స్పీడ్’ ఆప్షన్ ఎవరూ మార్చకపోతే 10,00,000 దగ్గరే ఉంటుంది. ఎంత నాసి వైరింగ్ మీదైనా పని చెయ్యాలని అంత తక్కువ పెట్టారు.

ముందు ప్రాంప్ట్ దగ్గర ‘ఎస్‌ఎఫ్ ప్రోబ్ 0:0 20000000’ అని స్పీడ్ కూడా ఇచ్చి, మళ్లీ కెర్నల్ చదివి చూడండి. లెక్క ప్రకారం రెండు సెకన్ల లోపు రావాలి, డ్రైవర్ పనితో ఇంకొంచెం అవుతుంది. చదివిన డేటాకి సీఆర్‌సీ (డేటా చెడలేదని చూసే తనిఖీ సంఖ్య) లెక్క చూసి, పదే పదే అదే వస్తేనే ఆ స్పీడ్‌ని డెఫ్‌కాన్ఫిగ్‌లోనూ, డివైస్ ట్రీలో ‘ఎస్‌పీఐ-మ్యాక్స్-ఫ్రీక్వెన్సీ’లోనూ పెట్టండి. 133 వెంట పడకండి. అది చిప్ తట్టుకోగల గరిష్ఠం, మీ బోర్డు మీద గీతల పొడవూ కంట్రోలర్ శక్తీ వేరు. పైగా చాలా చిప్‌లలో 03 అనే సాదా రీడ్ 50 మెగాహెర్ట్జ్ దాకానే, ఆపైన 0బీ అనే ఫాస్ట్ రీడ్ వాడాలి. కళ్ల ముందు అర నిమిషం రెండు సెకన్లయ్యాక ఇంకా తగ్గించాలనిపిస్తుంది. మీ ప్రాజెక్టుకి అంత అవసరముందా అని ముందు ఆలోచించండి.

ప్రశ్న: ‘సేవ్‌ఎన్వ్’ (ఎన్విరాన్‌మెంట్‌ని ఫ్లాష్‌లో దాచే కమాండ్) కొడుతుండగా కరెంటు పోయింది. తర్వాత బోర్డు ‘బ్యాడ్ సీఆర్‌సీ’ అంటోంది. అది సరే, పక్కనున్న కెర్నల్ కూడా పాడైంది! ఎన్విరాన్‌మెంట్ సైజు 8 కేబీ మాత్రమే పెట్టాను. పక్కది ఎలా చెడింది?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు సైజు 8 కేబీ పెట్టారు సరే, ‘ఎన్వ్ సెక్టర్ సైజ్’ ఎంత పెట్టారో రాయలేదు. 64 కేబీ అయి ఉంటుందని నా అంచనా. నార్ ఫ్లాష్‌లో రాయడం అంటే 1ని 0 చెయ్యడం మాత్రమే. మళ్లీ 1 కావాలంటే సెక్టర్ మొత్తం చెరపాలి. ఎన్విరాన్‌మెంట్ సెక్టర్ కన్నా చిన్నదైతే యూ-బూట్ ఆ సెక్టర్‌లో మిగిలిన 56 కేబీని ర్యామ్‌లోకి తీసుకుని, సెక్టర్‌ని చెరిపి, కొత్త ఎన్విరాన్‌మెంట్ రాసి, ఆ తర్వాత ర్యామ్‌లోని దాన్ని తిరిగి పెడుతుంది. చెరపడానికీ తిరిగి పెట్టడానికీ మధ్యలో కరెంటు పోతే ఆ 56 కేబీ ర్యామ్‌తో పాటే పోతుంది. మీ కెర్నల్ మొదటి భాగం అక్కడ ఉండి ఉంటుంది.

ఎన్విరాన్‌మెంట్ ఉన్న సెక్టర్‌లో ఇంకేదీ ఉంచకండి. చిన్న సెక్టర్లు కావాలంటే ‘4కే సెక్టర్స్’ ఆప్షన్ ఉంది, కానీ ఆన్ చేస్తే పెద్ద భాగాలు చెరపడం నెమ్మదిస్తుంది. 16 ఎంబీలో 64 కేబీ వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

అంతకన్నా ముఖ్యం, రెండు కాపీలు పెట్టుకోండి. ‘రిడండెంట్ ఎన్విరాన్‌మెంట్’ ఆన్ చేసి, వేరే సెక్టర్‌లో రెండో ఆఫ్‌సెట్ ఇవ్వండి. అప్పుడు సేవ్ చేసిన ప్రతిసారీ పాత కాపీని చెరపకుండా రెండో దాంట్లో రాస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఒకటి మిగులుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పెట్టే ఏ పరికరానికైనా ఇది లేకుండా బయటికి పంపకూడదు.

ఇది ఆన్ చేశాక లినక్స్‌లో ‘ఎఫ్‌డబ్ల్యూ ప్రింట్‌ఎన్వ్’ (ఎన్విరాన్‌మెంట్ చూపించే టూల్) వాడేవాళ్లు ఒకచోట తడబడతారు. రెండు కాపీల పద్ధతిలో సీఆర్‌సీ నాలుగు బైట్ల తర్వాత ఏది కొత్తదో చెప్పే ఒక బైట్ అదనంగా వస్తుంది. ‘ఎఫ్‌డబ్ల్యూ ఎన్వ్ కాన్ఫిగ్’ ఫైల్లో రెండు లైన్లూ లేకపోతే ఆ టూల్ ఈ బైట్‌ని డేటా అనుకుని సీఆర్‌సీ తప్పంటుంది. యూ-బూట్‌లో ఆఫ్‌సెట్‌లు ఏమున్నాయో ఆ ఫైల్లోనూ అవే ఉండాలి.

ప్రశ్న: 16 ఎంబీ చాలక మా గేట్‌వే బోర్డులో 32 ఎంబీ విన్‌బాండ్ ఫ్లాష్ వేశాం. పవర్ తీసి పెడితే ఎప్పుడూ బూట్ అవుతుంది. కానీ వాచ్‌డాగ్ (కెర్నల్ పలకకపోతే ప్రాసెసర్‌ని రీసెట్ చేసే టైమర్) రీసెట్ చేసినప్పుడు చచ్చినట్టు పడి ఉంటుంది. బూట్‌లోడర్‌లో ఏ ఆప్షన్ మర్చిపోయాం?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇది ఒక్క ఆప్షన్‌తో పోయే సమస్య కాదు. పాత ఫ్లాష్ కమాండ్లు అడ్రస్‌ని మూడు బైట్లలో పంపుతాయి. మూడు బైట్లతో 16 ఎంబీ దాకానే అందుతుంది. పైభాగం అందుకోవడానికి కెర్నల్ బీ7 కమాండ్‌తో చిప్‌ని నాలుగు బైట్ల మోడ్‌లోకి మార్చి ఉంటే, వాచ్‌డాగ్ ప్రాసెసర్‌ని రీసెట్ చేసినా ఫ్లాష్‌కి ఆ సంగతి తెలియదు. బూట్ రోమ్ పాత అలవాటుగా మూడు బైట్లు పంపి డేటా కోసం చూస్తుంది, ఫ్లాష్ నాలుగో బైట్ కోసం చూస్తుంది. వచ్చే డేటా జరిగిపోతుంది, హెడర్ కుదరదు, బూట్ ఆగుతుంది. పవర్ తీస్తే ఫ్లాష్ మళ్లీ మూడు బైట్లకి వస్తుంది కాబట్టి లేస్తుంది.

డివైస్ ట్రీలో ఫ్లాష్ నోడ్‌కి ‘బ్రోకెన్-ఫ్లాష్-రీసెట్’ రాస్తే కెర్నల్ మామూలు రీబూట్‌కి ముందు చిప్‌ని వెనక్కి మారుస్తుంది. అనుకోని రీసెట్‌కి ఇది సరిపోదని కెర్నలే వార్నింగ్ ఇస్తుంది. వాచ్‌డాగ్ కరిచేది సరిగ్గా కెర్నల్ పలకనప్పుడే కదా. చిప్ కొత్త తరానిదైతే నాలుగు బైట్ల అడ్రస్‌తోనే వచ్చే ప్రత్యేక కమాండ్లు ఉంటాయి, వాటితో మోడ్ మార్చే పనే ఉండదు. విన్‌బాండ్ 256 మెగాబిట్‌లో జేవీ రకానికి అవి ఉన్నాయి, పాత ఎఫ్‌వీకి లేవు. రెండింటి ఐడీ కూడా ఈఎఫ్ 40 19 కావచ్చు, కాబట్టి ఐడీని నమ్మకుండా చిప్ మీద అక్షరాలు చదవండి. యూ-బూట్ వైపు ‘ఎస్‌పీఐ ఫ్లాష్ బార్’ ఆప్షన్ మూడు బైట్ల మోడ్‌లోనే ఉండి బ్యాంక్ రిజిస్టర్‌తో పైభాగం చూస్తుంది, పని కాగానే బ్యాంక్ సున్నాకి తిరిగి వస్తుంది.

బోర్డు మళ్లీ డిజైన్ చేసే అవకాశం ఉంటే 16 కాళ్ల ప్యాకేజీ తీసుకుని, దాని రీసెట్ పిన్‌ని బోర్డు రీసెట్ లైన్‌కి కలపండి. వాచ్‌డాగ్ కూడా అదే లైన్‌ని లాగేలా చూడండి. ఇప్పటికే బయట ఉన్న బోర్డులకైతే జేవీ రకం చిప్ ఉందో లేదో చూసి, ఉంటే ఆ ప్రత్యేక కమాండ్లు వాడే కెర్నల్ వెర్షన్‌కి మారండి. మార్చాక రీబూట్ కమాండ్‌తో పరీక్షించి ఊరుకోకండి. కెర్నల్‌ని కావాలని ప్యానిక్ చేయించి, వాచ్‌డాగ్ కరిచాక బోర్డు తనంతట తాను లేస్తోందా అని చూడండి. ఆ సమయంలో ఫ్లాష్‌లో 16 ఎంబీ పైభాగం నుంచి ఏదో ఒకటి చదువుతూ ఉండేలా పెట్టండి.